మా తమ్ముణ్ణి ఠాణాకు తీసుకెళ్లిన సారు

సారు పోయారని ఆయన భార్య నాకు ఫోన్లో చెప్పారు. ఆవిడ తన గుమ్మంలో నిలబడి చెప్పారు, నేను నా గుమ్మంలో నిలబడి విన్నాను. సూరత్ నవాగామ్‌లో మావి ఒకే సందులో ఎదురెదురు ఇళ్లు. వాళ్లింట్లో కరోనా అని మున్సిపాలిటీవాళ్లు వాకిలికి అడ్డంగా వెదురు బొంగులు కట్టిపోయారు. ఆవిడ పెదవులు కదలడం కంటికి కనిపిస్తోంది, మాట మాత్రం చెవి దగ్గర ఫోన్లోంచి వస్తోంది. "అయిపోయిందమ్మా. ఆసుపత్రి నుంచి చేశారు" అన్నారు. ఆవిడకు ఏడుపు రాలేదు. నేను బొంగుల కింద నుంచి దూరి వెళ్లబోతే చేయి అడ్డంగా ఊపి వద్దన్నారు. అలాగే ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకుని, ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం.

ఆ రోజుల్లో సూరత్‌లో చావు కబురు ఎవరికీ కొత్త కాదు. అంబులెన్సు కూత వినిపిస్తే పిల్లలు కూడా తల తిప్పడం మానేశారు. తాపీ నది ఒడ్డున శ్మశానంలో పొయ్యి ఆరే వేళ లేదని చెప్పుకునేవారు. సారును ఆసుపత్రి నుంచి అటే తీసుకుపోయారు. మొహం చూపించలేదు. ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న ఎవరో కుర్రాళ్లు మోశారట. వాళ్లెవరో, ఏ మతంవాళ్లో మాకు తెలియదు. వాళ్లను ఆ దేవుడు చల్లగా చూడాలి. ఆ పూట దీపం పెట్టి కూర్చున్నాను గానీ నోటికి ఏ స్తోత్రమూ అందలేదు. సారు గురించి నేను చెప్పగలిగిందేదో ఇక్కడ చెబుతాను. లేకపోతే, భజన నడిపించిన పెద్దమనిషి అని ఒక్క మాటతో అందరూ సరిపెట్టుకుంటారు. ఆయన మోసిన బరువు అంతకంటే పెద్దది.

ఆయన గోదావరి దిగువ మనిషి. రైల్వేలో పోలీసు ఉద్యోగం చేసి, ఇక్కడి ఉధనా స్టేషన్లో రిటైరై, మా సందులో చిన్న ఇల్లు కట్టుకున్నారు. మేము కరీంనగర్ వైపు నుంచి సాంచాల పనికి, అంటే మరమగ్గాల మీద బట్ట నేయడానికి వచ్చినవాళ్లం. ఆయన తెలుగు మాకు కొత్త, మా తెలుగు ఆయనకు కొత్త. మొదట్లో మావాళ్లు ఆయన వెనక "ఏమండీ సారు" అని నవ్వుకునేవారు. ఆయనకు అది తెలుసు. తెలిసీ ప్రతి మాటకూ ఇంకో "అండీ" తగిలించేవారు.

శనివారం భజనలో చిడతలు ఆయనవే. అవి ఎప్పుడూ పాట కంటే ముందుండేవి. మా ఆయన నవ్వకుండా అనేవాడు, "సారూ, రైలేం పోతలేదు, జర నిమ్మలంగ కొట్టుండ్రి" అని. సారు తల ఊపి, మళ్లీ అదే తొందరలో కొట్టేవారు. ఆదివారం ఉదయం మెట్ల మీద కూర్చుని బూట్లకు పాలిష్ చేసేవారు, పక్కనే భార్య చెప్పులు కూడా పెట్టుకుని. లుంగీ కట్టుకుని బజారుకు వెళ్లేటప్పుడు కూడా కాళ్లకు ఆ బూట్లే. కొత్తవాళ్లు ఎవరు కనబడ్డా, చిన్నపిల్లలైనా సరే, "పూర్తి పేరు?" అని అడిగేవారు. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. పిల్లలు అటెన్షన్‌లో నిలబడి, ఇంటి పేరుతో సహా చెప్పి, పటిక బెల్లం ముక్క తీసుకుని పరిగెత్తేవారు. ఏ పిల్లాడైనా తప్పుచేసి నీళ్లు నములుతుంటే వాడి భుజం మీద చేయి వేసి, "నిజం చెప్పేసి అన్నం తిను" అనేవారు. ఆ మాట మా సందులో సామెత అయిపోయింది. అత్తాకోడళ్లు పోట్లాడుకున్నా ఎవరో ఒకరు ఆ మాటే అనేవారు.

ఇప్పుడు చెప్పబోయేది కరోనాకు చాలా ఏళ్ల ముందు మాట. పక్కనున్న పెద్ద నగరంలో ఒకే సాయంత్రం వరుసగా బాంబులు పేలాయి. ఆసుపత్రి దగ్గర కూడా పేలాయని, గాయపడ్డవాళ్లను తీసుకొచ్చినవాళ్లు కూడా పోయారని టీవీలో చూపించారు. ఆ తర్వాత మన సూరత్‌లో చెట్ల మీద, బోర్డుల వెనక పేలని బాంబులు దొరకడం మొదలైంది. రోజుకొకచోట. దుకాణాలు మూసేశారు, బడులు మూసేశారు. జీపులో మైకు పెట్టుకుని తిరిగేవారు, సంచి కనబడితే ముట్టుకోవద్దు, డబ్బా కనబడితే ముట్టుకోవద్దు అని. పనికి పోయే ప్రతి మనిషి చేతిలోనూ అన్నం డబ్బానే ఉంటుంది. మిల్లులుండే పాండేసర దారిలో పోలీసులు ప్రతి డబ్బా విప్పించారు. మా ఆయన నడిరోడ్డు మీద పప్పు గిన్నె తెరిచి చూపించి వచ్చాడు. మర్నాటి నుంచి రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చాను.

పెద్దపెద్ద నాయకులు వచ్చి చూసి వెళ్లారు. ఇళ్ల యజమానులు తమ కిరాయిదారుల వివరాలు ఠాణాలో చెప్పాలని ఆజ్ఞ వచ్చింది. గదులు సోదా చేస్తున్నారని, బయటి రాష్ట్రాల కుర్రాళ్లను ఎత్తుకుపోతున్నారని పుకార్లు. ఆ శనివారం భజనకు వచ్చినవాళ్లు పాడలేక, సారు చుట్టూ కూర్చుని, ఇప్పుడు సర్కారు ఏం చేస్తుందని అడిగారు. ఆయన తన సర్వీసులో చూసింది నెమ్మదిగా చెప్పారు. ముందు దారులు మూస్తారు, తర్వాత అనుమానం ఉన్నవాళ్లందరినీ పోగేస్తారు, పోగేసినవాళ్లలోంచి ఏరతారు. ఏరేదాకా జనం ఓపిక పట్టాలి, చచ్చిపోయినవాళ్ల కోసమైనా పట్టాలి అన్నారు.

మా ఆయన అన్నాడు, "ఏరెటందుకు మనమేమన్న బియ్యమా సారూ?"

"బియ్యంలో రాయి ఉందని తెలిసినప్పుడు గింజలన్నీ చేటలోకి రావాల్సిందేనయ్యా. మంచి గింజకి భయమేముంది? మళ్లీ ఎసట్లోకే వెళుతుంది."

అందరం తలలు ఊపాం. అది సరైన మాటే అనిపించింది. ఆ రోజుల్లో పోలీసుల కళ్లు నిద్రలేక ఎర్రగా ఉండేవి. చెట్టెక్కి బాంబు దించినవాడికీ పెళ్లాం పిల్లలు ఉంటారు. ఆ మాట కూడా చెప్పకపోతే పాపం.

మా తమ్ముడు మల్లేశం అప్పుడు పాండేసరలో ఒక రంగుల మిల్లులో పనిచేసేవాడు. మా పెద్దనాయన కొడుకు భూమయ్యన్న జాగాలో చేసేవాడు. ఈ పద్ధతి మావాళ్లందరికీ తెలుసు, బయటివాళ్లకు తెలియదు, అందుకని చెబుతున్నాను. మిల్లులో ఒక జాగా దొరకడం కష్టం. ఊళ్లో పొలం పనో, రోగమో, పెళ్లో వచ్చి మనిషి ఊరికి పోవాల్సి వస్తే ఆ జాగా పోతుంది. అందుకని పోయేవాడు తన తమ్ముణ్ణో బామ్మర్దినో రప్పించి తన జాగాలో నిలబెట్టి పోతాడు. వచ్చినవాడు పోయినవాడి కార్డు మెడలో వేసుకుని, పోయినవాడి పేరుతోనే పనిచేస్తాడు. పనిలో పెట్టే ముకద్దంకు తెలుసు. పక్క మిషనువాడికి తెలుసు. ఎవరికీ అది అబద్ధంగా తోచదు. అన్న చెప్పులు తమ్ముడు వేసుకున్నట్టే. భూమయ్యన్న నడుము నొప్పికి మందు తినడానికి ఊరికి పోయి చాలా రోజులైంది. మల్లేశాన్ని మిల్లులోనే కాదు, గదిలో కూడా అందరూ భూమయ్యా అనే పిలిచేవారు. నేను వాడి అసలు పేరు పెట్టి పిలిస్తే వాడే ఒక్క క్షణం ఆలస్యంగా పలికేవాడు.

వాళ్ల గది కూడా అలాంటిదే. పగటి పాళీవాళ్లు లేచిపోతే రాత్రి పాళీవాళ్లు వచ్చి అవే చాపల మీద పడుకుంటారు. యజమాని ఠాణాలో చెప్పిన మనుషుల సంఖ్య ఒకటి, గదిలో బతికే మనుషుల సంఖ్య ఇంకొకటి. పోలీసులు సోదాకు వచ్చినప్పుడు లెక్క కుదరలేదు. అందరూ కార్డులు తీసుకుని మర్నాడు ఠాణాకు రావాలని చెప్పి వెళ్లారు.

మల్లేశం భయపడి మా ఇంటికి వచ్చాడు. గదిలో వాళ్లందరూ వాడికి ఒకే మాట చెప్పారట. "నువ్వు భూమయ్యవే అను. మేమందరం గదే అంటం. రేపు అన్న వచ్చినంక అన్న జాగల అన్న ఉంటడు, నువ్వు ఇంటికి పోతవు. ఎవ్వనికి ఎరుక?" ముకద్దం కూడా అదే చెప్పాడట. వాడు మాత్రం చిన్నప్పటి నుంచి అబద్ధం చెబితే చెవులు ఎర్రబడే మనిషి. మా ఆయన వాణ్ణి సారు దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెనక వెళ్లాను.

మల్లేశం అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "సారూ, అబద్ధం చెప్తె పట్టుకుంటరా, నిజం చెప్తె పట్టుకుంటరా?"

సారు ఆలోచించకుండానే జవాబు చెప్పారు. "నిజం చెప్పినవాణ్ణి పట్టుకున్న పోలీసును నేను చూడలేదయ్యా. నీ పేరు నువ్వు చెప్పు. ఎందుకు వేరే పేరుతో పనిచేస్తున్నావో చెప్పు. నేను పక్కనే ఉంటాను. నిజం చెప్పేసి వచ్చి అన్నం తిందాం."

మర్నాడు పొద్దున్న ఇద్దరూ కలిసి వెళ్లారు. సారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, తన పాత గుర్తింపు కార్డు జేబులో పెట్టుకున్నారు. నేను ఇద్దరికీ సరిపడా అన్నం వండి, చింతచిగురు పప్పు చేసి ఉంచాను. గదిలో మిగతావాళ్లందరూ కార్డు మీద ఉన్న పేర్లే చెప్పి, మధ్యాహ్నం కల్లా తిరిగి వచ్చేశారు. పొద్దు వాలుతుండగా సారు ఒక్కరే వచ్చారు. బూట్లు విప్పలేదు, గుమ్మం దాటలేదు. "రేపు పంపిస్తారమ్మాయ్" అన్నారు. ఆయన నా మొహం చూడకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

తర్వాత మాకు తెలిసింది. మల్లేశం ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు ముకద్దంను పిలిపించి అడిగారు. ముకద్దం భయపడి, నాకేమీ తెలియదు, మా దగ్గర పనిచేసేది భూమయ్యే అన్నాడు. గది యజమానిని అడిగారు, ఆయనా అంతే. గదిలోవాళ్లు అప్పటికే అబద్ధం చెప్పి ఉన్నారు, ఇప్పుడు మాట మారిస్తే తామూ లోపలికి పోతామని నోరు మెదపలేదు. అందరి మాటా ఒకటి, మా తమ్ముడి మాట ఒక్కటీ వేరు. ఊరంతా బాంబులు వెతుకుతున్న రోజుల్లో ఇంకొకరి పేరు మెడలో వేసుకుని తిరుగుతున్నవాడు దొరికాడు. వాణ్ణి ఎవరు వదులుతారు?

సారు రోజూ వెళ్లారు. పొద్దున్న వెళ్లి ఠాణా వరండాలో కూర్చునేవారు, దీపాల వేళకు వచ్చేవారు. లోపలికి ఒకటి రెండు సార్లే రానిచ్చారట. తన పాత స్నేహితులకు ఫోన్లు చేశారు. అందరూ, ఇప్పుడు సమయం బాగాలేదు, కొంచెం ఆగండి అన్నారు. ఆయన ఎప్పుడూ ఇతరులకు చెప్పిన మాటే అది. ఒకరోజు అక్కడి చిన్న వయసు అధికారి ఆయన్ని కూర్చోబెట్టి, మర్యాదగానే అడిగాడట. సాబ్, మీరు డ్యూటీలో ఉండగా ఇలాంటి రోజుల్లో పేరు మార్చుకుని తిరిగేవాడు దొరికితే చాయ్ తాగించి పంపేసేవారా అని.

"మీరేమన్నారు సారూ?" అని అడిగాను.

"ఏమీ అనలేదమ్మాయ్. నేనూ వదిలేవాణ్ణి కాదు."

ఇక ఒక్కటే దారి మిగిలింది. భూమయ్యన్న వచ్చి, ఈ పేరు నాది, ఆ కార్డు నాది అని నిలబడాలి. ఫోన్ చేస్తే అన్న రానన్నాడు. వస్తే తననూ పట్టుకుంటారని భయం. మేము ఎంత బతిమాలినా వినలేదు. సారు ఎవరికీ చెప్పకుండా రైలెక్కి, బస్సెక్కి, మా ఊరికి వెళ్లారు. అక్కడ ఏం జరిగిందో మా వదిన, భూమయ్యన్న భార్య, తర్వాత తానే చెప్పింది. సారును వాకిట్లో నిలబెట్టి తిట్టిందట. "ఒక్కణ్ని అప్పజెప్పింది సాలదా, ఇంకొకణ్ని తోల్కపోను వచ్చినవా? భజన చేస్తవట గదా. గిదేనా నీ భజన?"

సారు నిజమేనమ్మా అని, అరుగు మీద కూర్చున్నారట. అన్నం పెడితే తినలేదు. లేచి వెళ్లిపోనూ లేదు. పొద్దు తిరిగాక భూమయ్యన్న లోపలి నుంచి సంచి తీసుకుని బయటికి వచ్చాడు. వదిన గుమ్మానికి అడ్డం పడింది. అన్న ఆమెను పక్కకు జరిపి, "ఆడు నా పేరుతోటి దెబ్బలు తింటుండు, నేను ఇంట్ల కూసోని బుక్కెడు తినాల్నా?" అన్నాడట.

ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ఊరి నుంచి మనిషిని రప్పించి, విచారించి, చివరికి మల్లేశాన్ని వదిలేశారు. అన్ననూ వదిలారు. క్షమించమని ఎవరూ అనలేదు. అనాలని మేమూ అనుకోలేదు. బతికి వచ్చాడు, అది దేవుడి దయ అనుకున్నాం.

వచ్చినవాడు మా మల్లేశం కాదు. ఎడమ చెవి సరిగా వినిపించేది కాదు. ఎందుకని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. మల్లేశం అని పిలిచినా పలకడు, భూమయ్యా అని ఎవరైనా అలవాటుగా అన్నా పలకడు. దగ్గరికి వెళ్లి ముట్టుకుంటే ఉలిక్కిపడేవాడు. సారు పండ్లు తీసుకుని గుమ్మంలోకి వచ్చారు. మల్లేశం ఆయన్ని చూసి, లేచి, లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. సారు పండ్లు గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే ఆఖరు. అన్నా తమ్ముడూ కలిసి ఊరికి పోయారు. మిల్లులో ఆ జాగా వేరేవాళ్లకు వెళ్లిపోయింది. మల్లేశం మళ్లీ సూరత్ మొహం చూడలేదు.

వెళ్లే ముందు వాడు నాతో ఒక్క మాట అన్నాడు. "అక్కా, నా పక్కకు ఒక పిలగాడుండె. నాకోసం సారు వచ్చి కూసునేది. వానికోసం ఎవ్వలు రాలే." నేను ఆ మాట సారుకు చెప్పాను. ఆయన మర్నాడే ఠాణాకు వెళ్లి అడిగారు. అలాంటివాడెవరూ ఇక్కడ లేడన్నారట. పేరు చెప్పండి అన్నారట. మల్లేశానికి వాడి పేరు తెలియదు, సారుకు తెలియదు. కొన్నాళ్లు ఆయన అక్కడికీ ఇక్కడికీ తిరిగారు. ఆ తర్వాత ఆ సంగతి మా దగ్గర ఎత్తలేదు. "మనవాడు వచ్చాడు కదా అని వెనక్కి చూడకుండా వచ్చేశానమ్మాయ్" అని మాత్రం ఒకసారి అన్నారు.

అప్పటి నుంచి ఆయన ఏ పిల్లవాణ్ణీ "పూర్తి పేరు?" అని అడగలేదు. పటిక బెల్లం ఊరికే పంచేవారు. ఎవరైనా పాత అలవాటుగా "నిజం చెప్పేసి అన్నం తిను" అంటే లేచి వెళ్లిపోయేవారు. దేశంలో ఎక్కడైనా దాడి జరిగిందని టీవీలో వస్తే మా వాళ్లు కోపంతో ఊగిపోయేవారు, అందరినీ లోపలెయ్యాలె అనేవారు. సారు నెమ్మదిగా చెప్పేవారు. "చేసినవాణ్ణి వెయ్యాలి. వదలకూడదు. కానీ సర్కారు కోపం పెద్ద వలయ్యా. కావాల్సిన చేప పడిందో లేదో తెలిసేలోపల నీళ్లలో ఉన్నవన్నీ గట్టున పడి కొట్టుకుంటాయి. గట్టు మీద ఎవరో ఒకరు నిలబడి చూస్తుండాలి." మాటతో ఆగలేదు. అలాంటి కబురు వచ్చిన మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా గదులన్నీ తిరిగేవారు. సోదా జరుగుతుంటే అక్కడే నిలబడేవారు. ఒక పెద్దమనిషి చూస్తున్నాడంటే పోలీసుల గొంతులు కూడా కొంచెం తగ్గేవి. ఎవరినైనా తీసుకుపోతే వెనక వెళ్లేవారు. మావాడా, పరాయివాడా అని చూసేవారు కాదు.

నేను ఏటా బతుకమ్మకు ఊరికి వెళ్లి వచ్చేదాన్ని. వచ్చిన మర్నాడు సారు ఏదో పనున్నట్టు మా గుమ్మం దగ్గరికి వచ్చేవారు. వానలు ఎలా పడ్డాయని అడిగేవారు. చివరికి, "మీ తమ్ముడు ఎలా ఉన్నాడమ్మాయ్?" అనేవారు. బాగున్నాడు సారూ, పెళ్లయింది, పాప పుట్టింది, కూలి దొరుకుతోంది అని ఏ ఏటి మాట ఆ ఏడు చెప్పేదాన్ని. ఆయన ఇంకేదో వినాలని ఒక్క క్షణం నిలబడేవారు. నా దగ్గర ఇంకేమీ ఉండేది కాదు. ఊళ్లో నేను సారు మాట ఎత్తితే మల్లేశం లేచి బయటికి వెళ్లేవాడు. ఆ సంగతి ఆయనకు ఏనాడూ చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకు తెలుసు.

కరోనా మొదటి ఏడు అంతా మూసేసినప్పుడు, సందు మొదట్లో పోలీసులు నిలబడగానే, సారు మొహంలో పాత రోజులు కనిపించాయి. "సర్కారుకు భయం వేస్తే చేసే పని ఒకటే. ముందు గుమ్మాలు మూస్తుంది" అన్నారు. మిల్లులు ఆగిపోయాయి. గదుల్లో రెండు పాళీలవాళ్లూ ఒకేసారి ఉండాల్సి వచ్చింది, పడుకోవడానికి చాలినంత నేల లేదు. తిండి లేదు. ఊళ్లకు పంపండి అని కుర్రాళ్లు రోడ్డు మీదికి వచ్చారు. లాఠీలు లేచాయి, కొందరిని జీపులెక్కించారు. సారుకు డెబ్బై దాటాయి, షుగరు ఉంది. భార్య కాళ్లకు అడ్డం పడినంత పని చేశారు. ఆయన ముక్కుకు తువాలు కట్టుకుని వెళ్లారు. సందు చివర పోలీసుతో ఆయన హిందీలో అన్న మాట మా ఆయన విన్నాడు. వీళ్లను ఏమైనా అడగండి సాబ్, కానీ ముందు అన్నం పెట్టి అడగండి అన్నారట. ఆ పూట జీపెక్కినవాళ్లు చీకటి పడకముందే గదులకు వచ్చారు.

రెండో ఏడు జబ్బు ఇంకా గట్టిగా వచ్చింది. కర్ఫ్యూ వేళ దాటి మిల్లు నుంచి వచ్చేవాళ్లను ఆపుతున్నారని, సాయంత్రాలు సందు మొదట్లో స్టూలు వేసుకుని కూర్చునేవారు. వచ్చినవాళ్లను వచ్చినట్టు పోలీసులకు చూపించి లోపలికి పంపేవారు. అక్కడే అంటుకుందో, ఇంకెక్కడ అంటుకుందో మాకు తెలియదు. జ్వరం వచ్చింది, ఆయాసం వచ్చింది. అంబులెన్సు వచ్చినప్పుడు ఎవరి చేయీ పట్టుకోకుండా తానే నడిచి ఎక్కారు.

ఆసుపత్రి నుంచి నాకు ఒకసారి ఫోన్ చేశారు. మాట కంటే ఊపిరే ఎక్కువ వినిపించింది. "మీ ఊళ్లో ఈ జబ్బు ఎలా ఉందమ్మాయ్? మీ తమ్ముడు జాగ్రత్తగా ఉన్నాడా?" అన్నారు. ఉన్నాడు సారూ అన్నాను. "సరే, సరే" అన్నారు. క్షమించమని చెప్పు అనలేదు. నన్ను గుర్తు చేసుకుంటాడా అనీ అడగలేదు. వెనకాల ఎవరో దగ్గుతున్నారు. నేను ఏదో ఒక మంచి మాట కల్పించి చెప్పి ఉండవచ్చు. ఆయనకు కల్పించిన మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన పోయిన మర్నాడు మల్లేశానికి ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని చాలాసేపు దేవుడి పటం ముందు కూర్చున్నాక చేశాను. వాడు కుడి చెవికి పెట్టుకున్నాడో లేదో అని గట్టిగానే చెప్పాను, సారు పోయిండు తమ్మీ అని. అటు నుంచి కోడి అరుపు వినిపించింది, పాప ఎవరినో పిలవడం వినిపించింది. విన్నావా అంటే, "విన్న" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. నాకు మనసు కష్టమైంది. పోయినవాడి మీద కూడా కోపం పోలేదా అనుకున్నాను. వాడు పడ్డది నేను పడలేదు గదా అని కూడా అనుకున్నాను.

మాలో ఒక ఆచారం ఉంది. చావు కబురు వింటే పరాయివాళ్లు అయ్యో అని కాళ్లు కడుక్కుంటారు, అంతే. రక్తసంబంధం ఉన్నవాళ్లు మాత్రం ఎక్కడున్నవాళ్లు అక్కడే, ఒంటిమీద బట్టలతోనే, తలమీద నీళ్లు పోసుకుంటారు.

ఎండ నడినెత్తికి వచ్చాక భూమయ్యన్న భార్య, మా వదిన ఫోన్ చేసింది. గొంతులో కంగారు. "మనోళ్లెవలన్న పోయిండ్రా? మీ తమ్ముడు బోరింగుకాడ అంగితోటే నెత్తిమీద పోసుకున్నడు. ఎవలని అడిగితె చెప్తలేడు."

"అవును వదినా. మనోళ్లే" అన్నాను.

బట్టలు కూడా మార్చుకోవడం లేదని, ఎవరు పిలిచినా లేవడం లేదని చెప్పింది. ఆ ఎండలో బోరింగు గద్దె మీద, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడట. అంగీ కొసల నుంచి నీళ్లు కారి, వేడి బండ మీద పడిన చోటే ఆరిపోతున్నాయట.